మట్టికొక వేలు, ఐసుకొక వేలు

మా అత్త వంటింట్లో ప్రతి డబ్బాకూ ఒక గాయం ఉండేది. కత్తి తెగితే కాఫీపొడి. కాలితే ఇడ్లీపిండి. మేకు దిగితే కాగిన ఆముదం చుక్క. కుక్క కరిస్తే సున్నంలో కలిపిన మిరప్పొడి. తేలు కుడితే ఉల్లిగడ్డ. ఏ గాయానికీ నీళ్లు మాత్రం తగలనిచ్చేది కాదు. పుండుకు నీరు పడుతుందని ఆమె నమ్మకం. హోసూరు దగ్గర సూళగిరి దాటి పెద్దరోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి ఉన్న మా ఊళ్లో అందరి నమ్మకమూ అదే.

నేను ఆ ఇంటికి పెద్దకోడలిని. ఎనిమిదో తరగతి వరకు చదివాను. హోసూరు గడియారాల ఫ్యాక్టరీలో పనికి చేరిన మా తమ్ముడు నాకొక చేతిగడియారం తెచ్చి ఇచ్చాడు. అది చేతికి వచ్చిన నాటి నుంచి ‘ఇందాక’, ‘కాసేపు’ అనే మాటలు నాకు సరిపడవు. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ఏ రోజు, ఎన్ని గంటలకు, దాని మీద ముందు ఏం వేశారు, ఎన్నాళ్లకు మానింది అని పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకునేదాన్ని. 1997 నాటికి ఆ కాగితాలు పద్నాలుగు. కాఫీపొడి అద్దిన ఏడు కోతల్లో అయిదు చీము పట్టాయి. అత్త ఊళ్లో లేనప్పుడు మంచినీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డతో అదిమి పట్టిన నాలుగింటిలో ఒక్కటీ చీము పట్టలేదు. ఈ లెక్క ఆమెకు చదివి వినిపించాను.

“కాగితాలు మానుపుతాయా పుండును? పొయ్యిలో ఎయ్ వాటిని” అంది.

నేను వాటిని పొయ్యిలో వేయలేదు. కానీ వాటిని నమ్మి ఆమెకు ఎదురు నిలబడనూ లేదు. ఇప్పుడు రాస్తున్నది అందుకే.

మా తోడికోడలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. మా ఇంట్లో అయిదు జెర్సీ సీమావులు ఉండేవి. పొద్దున, సాయంత్రం వాటి పాలు పితికేది ఆమే. మరొకరు పొదుగు ముడితే ఎర్రావు చేపేది కాదు, కాలు విసిరేది. ఆమె పక్కన కూర్చుని వీపు మీద ఒక తట్టు తట్టగానే పాలు దిగేవి. బొటనవేలు లోపలికి మడిచి పితికేది. చెంబులో నురగ చప్పుడు విని ఎన్ని లీటర్లయిందో చెప్పేది. నేను కొలిచి చూస్తే అర పావు కూడా తేడా ఉండేది కాదు. లెక్కల్లో నేను ఎవరినైనా మెచ్చుకున్నానంటే అది ఆమెనే.

ఆ ఏడు గడ్డి మిషనుకు కరెంటు మోటారు బిగించారు. బిగించింది మా మరిది, అంటే ఆమె భర్త. మిషనుతోపాటు కత్తుల ముందు ఒక ఇనప మూత వచ్చింది. రెండు రోజులకే దాన్ని విప్పేశాడు.

“ఎందుకప్పా తీసేసినావు?” అని అడిగాను.

“మూతుంటే చొప్ప తగులుకుంటాది వదినా. ఊరికూరికే ఆపల్ల. చెయ్యి చూసి పెట్టుకుంటే మూతెందుకు?”

చెయ్యి చూసి పెట్టుకోవలసింది ఆయన కాదు. ఆ మిషనులో రోజూ చొప్ప వేసేది ఆయన భార్య.

జూన్ నెల, మంగళవారం, పొద్దున ఎనిమిదీ నలభై. మగవాళ్లు ఇద్దరూ, మా ఆయనా మరిదీ, మామిడికాయల లోడుతో తెల్లవారకముందే కృష్ణగిరి మండీకి పోయారు. నేను కొట్టం ఊడుస్తున్నాను. ఆమె చివరి చొప్పకట్ట మిషనులోకి తోస్తోంది. అరుపు వినబడలేదు. “అక్కా” అని మామూలుగా పిలిచినట్టే పిలిచింది. తిరిగి చూస్తే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడి ఉంది. బొటనవేలు కింది గణుపు దగ్గర తెగి చొప్పముక్కల్లో పడింది.

పరిగెత్తి మోటారు ఆపాను. అంతవరకు నేను చేసింది సరైన పని. ఆ తర్వాత నేను చేసినవి ఏవీ సరైనవి కావు.

అత్త వంటింట్లోంచి కాఫీపొడి డబ్బాతో వచ్చింది. డబ్బాలో ఉన్నదంతా ఆ గాయం మీద కుమ్మరించింది. దాని మీద పాతచీర పేలిక చుట్టింది. మణికట్టు దగ్గర ఆవును కట్టే తాడుతో బిగించింది. తోడికోడలి చెయ్యి నల్లబడుతుంటే నేను చూస్తూనే ఉన్నాను. నా పద్నాలుగు కాగితాలు గూట్లోనే ఉన్నాయి.

తర్వాత అత్త వంగి చొప్పలోంచి వేలు ఎత్తింది.

“పెద్దమ్మీ, తట్ట తే. పసుపు, కుంకుమ తే. దీన్ని బిన్నా పూడ్చల్ల, ఆలస్యం కాకూడదు.”

“ముందు ఆస్పత్రికి పోదాము అత్తా.”

“పోదువుగానీ. ఒంట్లోది మట్టికే పోవల్ల. కుక్కో కాకో ముట్టిందా, చెయ్యంతా కుళ్లి ఊడిపోతాది. మా పెద్దోళ్లు ఊరికే చెప్పినారా?”

మా వైపు ఇది ఆచారం. పన్ను ఊడినా, గోరు ఊడినా, మిషనులో వేలు తెగినా పసుపు కుంకుమ పెట్టి, పాలు పోసి పూడుస్తారు. అది కోపంతో చేసే పని కాదు, నిర్లక్ష్యమూ కాదు. మర్యాదతో చేస్తారు. నాకు ఎక్కువ మంట ఆ మర్యాదను తలచుకుంటేనే.

నేను తట్ట తెచ్చాను. బట్టలుతికే రాయి పక్కన, కొబ్బరిచెట్టు మొదట్లో గుంత తవ్వాను. ఒకటిన్నర జానెడు లోతు. అప్పుడు కూడా కొలిచాను. వేలిని తమలపాకులో పెట్టి, పసుపు చల్లి, ఆ పొద్దున ఆమె పితికిన పాలే ఒక గరిటెడు పోసి, మన్ను కప్పి, కుక్క తవ్వకుండా మీద రాయి పెట్టాను. పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ ఆమె కొట్టం గడప మీద చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చెయ్యి పైకెత్తి పట్టుకోమని కూడా ఎవరూ చెప్పలేదు.

“అయిందా అక్కా? నాకన్నా ముందే పోయి జాగా పట్టుకునింది చూడు, నా వేలు” అంది. నవ్వాలని చూసింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

రోడ్డు దాకా ఎవరిదో ఎద్దులబండి. అక్కడి నుంచి బస్సు. హోసూరులో డాక్టరు ముందు కూర్చునేసరికి పదీ యాభై. ఆయన ముందు మణికట్టు తాడు కోసి పారేశాడు. తర్వాత పేలిక విప్పి, లోపల నల్లటి ముద్దను చూసి, నా వైపు చూశాడు.

“ఇదేమిటమ్మా?”

“కాఫీపొడి.”

“కాఫీ తాగడానికి. గాయానికి ఎవరు వెయ్యమన్నారు?” అన్నాడు. తర్వాత అడిగాడు. “తెగిన వేలు ఎక్కడ?”

“పూడ్చినాము.”

ఆయన కలం పక్కన పెట్టేశాడు. నేను చెప్పింది అర్థం కాలేదేమో అనుకుని, “పసుపు కుంకుమ పెట్టే పూడ్చినాము సార్” అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను. తలచుకుంటే ఈ రోజుకూ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు ఆయన చెప్పాడు. తెగిన వేలిని అతికించేవాళ్లు బెంగళూరులో ఉన్నారు. అందులోనూ బొటనవేలయితే తప్పకుండా ప్రయత్నిస్తారు, చేతి పనిలో సగం దానిదే. వేలిని మంచినీళ్లతో మెల్లగా కడిగి, శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, నీళ్లు పోని ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి, ఆ కవరును ఐసునీళ్లలో పెట్టుకుని రావాలి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు, తగిలితే అదీ కాలినట్టే చచ్చిపోతుంది. చల్లగా లేకపోతే సుమారు ఆరు గంటలే గడువు. గాయానికయితే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి గుండెకన్నా ఎత్తులో పట్టుకోవాలి. పొడులు, తాళ్లు, ఆకులు ఏవీ వద్దు.

“ఆ వేలికి ఇప్పటికే మన్ను అంటింది. అయినా తెప్పించండి. చూస్తారు వాళ్లు. అదృష్టం ఉంటే ఉంటుంది” అన్నాడు.

ఆయన ఫోనులోంచే మా ఊరి పాల సొసైటీకి చేశాను. అప్పటికే కృష్ణగిరి నుంచి వచ్చిన మరిదిని ఎవరో పిలుచుకొచ్చారు. పదకొండూ పది. డాక్టరు చెప్పిందంతా వరుసగా చెప్పాను. మరిది చేత తిరిగి చెప్పించాను కూడా.

“కడగల్ల, తడిగుడ్డ, కవరు, ఐసు. సరే వదినా. వస్తాండా.”

తవ్వడానికి పది నిమిషాలు. పెద్దరోడ్డులో కూల్‌డ్రింకుల అంగడి దగ్గర ఐసుకు పది. మోటార్‌సైకిల్ మీద హోసూరుకు నలభై అయిదు. పన్నెండూ పదిహేనుకు రావాలి. బెంగళూరుకు గంటన్నర వేసుకున్నా ఒకటీ నలభై అయిదు. తెగిన సమయం నుంచి అయిదు గంటలా అయిదు నిమిషాలు. లెక్క కుదిరింది. అది తోడికోడలికి చెప్పాను.

“అతికిస్తే మళ్లా పితకొచ్చునా అక్కా?” అని అడిగింది.

“పితకొచ్చంట.”

“ఎర్రావు గుర్తు పట్టాల గదా, కుట్టిన వేలును” అంది. ఈసారి నిజంగానే నవ్వింది.

మా మరిది పన్నెండూ నలభైకి వచ్చాడు. చేతిలో వైరు బుట్ట. నేను ఎదురుపోయి లాక్కుని మూత తీశాను. సంగటి ముద్దలు రెండు, ఆకుకూర పప్పు, మజ్జిగ ఫ్లాస్కు.

“వేలు యాడప్పా?”

ఆయన నేల చూశాడు. “అమ్మ తవ్వనియ్యలేదు వదినా. పూడ్చిందాన్ని మళ్లా తవ్వితే, ఆ భూమి ఇంటినుంచి ఇంకొకటి అడగతాదంట.”

“ఆమె అడ్డం కూర్చునిందా చెట్టు కింద?”

“కూర్చోలేదు. వద్దనింది.”

“వద్దంటే?”

“అమ్మ గదా వదినా.”

సంగటి చెయ్యడానికి, పప్పు తిరగమాత పెట్టడానికి మా అత్తకు తీరిక ఉంది. పారతో నాలుగు పోట్లు వెయ్యడానికి ఈయనకు చేతులు రాలేదు. నేను ఆస్పత్రి వరండాలోనే మళ్లీ లెక్క వేశాను. వెనక్కి నలభై అయిదు, తవ్వను పది, ఐసుకు పది, తిరిగి రాను నలభై అయిదు, బెంగళూరుకు గంటన్నర. నాలుగు గంటలు. తెగిన సమయం నుంచి ఏడు గంటలా ఇరవై నిమిషాలు. గంటకు పైగా దాటిపోయింది. ఎటు తిప్పి కూడినా అంతే వచ్చింది. బుట్టతో లోపల తోడికోడలి దగ్గరికి వెళ్లాను, వెనకే మరిది వచ్చాడు. ఆమె బుట్టను చూసింది, భర్తను చూసింది, తనే అర్థం చేసుకుంది.

“ఆకలిగా ఉండాది. సంగటి పెట్టక్కా” అంది. కుడిచెయ్యి కట్టులో ఉంది. నేను ముద్దలు చేసి పెట్టాను. అంతకుముందు ఆ కాఫీపొడిని కడిగి తియ్యడానికి డాక్టరుకు ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ఆ సేపంతా ఆమె నా భుజాన్ని కొరికి పట్టుకుంది. ఇంత చేసినా గాయం చీము పట్టి మానడానికి యాభై రెండు రోజులు అయింది.

తర్వాత ఆమె నాలుగు వేళ్లతో పితకడం నేర్చుకుంది. ఎడమచేత్తోనూ నేర్చుకుంది. ఎర్రావు మూడుసార్లు తన్నింది. నాలుగోసారి పొదుగు ఇచ్చింది గానీ మునుపటిలా చేపలేదు. చెంబు పట్టుకోవడం, గుండీ పెట్టుకోవడం, ఉప్పు చిటికెడు తియ్యడం, అన్నీ ఆమె మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. ఊళ్లో పెళ్లిళ్లకు పోతే మా అత్త, “మా చిన్నకోడలి వేలికి అన్నీ క్రమంగా జరిపించినాము” అని చెప్పేది. వినేవాళ్లు తలలు ఊపేవారు. నేను అక్కడి నుంచి లేచిపోయేదాన్ని.

మూత మళ్లీ బిగించారు. నలభై ఒకటో రోజున మరిది మళ్లీ విప్పాడు. చొప్ప తగులుకుంటోందట. అది కూడా రాసి పెట్టాను. వచ్చిన ప్రతివాడికీ డాక్టరు చెప్పింది చెప్పేదాన్ని. తెగిన వేలు, తడిగుడ్డ, కవరు, ఐసు. కాలితే ఇరవై నిమిషాలు చల్లనీళ్ల ధార. కుక్క కరిస్తే సబ్బు వేసి పావుగంట కడుగు, ఆ రోజే సూదికి పో. మేకు దిగితే ఆముదం కాదు, సూది. “పెద్దమ్మ పాఠం మొదలుపెట్టింది” అని నవ్వేవాళ్లు. ఆరేళ్లు చెప్పాను. మా అత్త ప్రతిసారీ పక్కనే కూర్చుని వక్క నములుతూ విననట్టు ఉండేది.

విననట్టు ఉండేదంతే.

2003లో, ఫిబ్రవరి నెల, పొద్దున ఏడూ పది. అదే మిషను, అదే మూత లేని నోరు. ఈసారి చొప్ప వేసింది మా మరిది. కుడిచెయ్యి చూపుడువేలు.

ఆయన అరుపుకు నేనూ తోడికోడలూ పరిగెత్తాము. మాకన్నా ముందు మా అత్త ఉంది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటింది, కర్ర లేకుండా నడవలేదు. ఆ రోజు కర్ర లేకుండానే వచ్చింది. చేతిలో కాఫీపొడి డబ్బా లేదు, పసుపుతట్ట లేదు.

“ఐసు! ఎవరన్నా ఐసు తేండప్పా! నా బిడ్డ వేలు! కడగండి, తడిగుడ్డ యాడ? కవరు, కవరు! ఐసు మీద ఉత్తగా పెట్టొద్దండి, చచ్చిపోతాది!”

ఒక్క మాట తప్పలేదు. నేను ఆరేళ్లు చెప్పినదంతా ఆమెకు కంఠతా వచ్చు. వరుస కూడా తప్పలేదు. నేను నిలబడిపోయాను. ఎంతసేపో గడియారం చూడలేదు. నా జీవితంలో చూడనిది ఆ ఒక్కసారే.

కదిలింది తోడికోడలు. చొప్పలోంచి భర్త వేలిని ఎత్తింది. నాలుగు వేళ్ల చేత్తో. బిందెలోని నీళ్లు మెల్లగా పోసి కడిగింది. ఉతికిన తువ్వాలు చింపి తడిపి చుట్టింది. కవరులో పెట్టి మూతి ముడి వెయ్యబోయింది. ముడికి బొటనవేలు కావాలి. పళ్లతో లాగి వేసింది.

“చెయ్యి ఎత్తు. గుండెకన్నా పైకి” అంది ఆయనతో. “గుడ్డ గట్టిగా అదిమి పట్టు. చూస్తా కూర్చోవద్దు.”

ఆయన ఆమె చేతిలోని కవరును చూస్తున్నాడు. “పూడ్చొద్దు మే” అన్నాడు చిన్నగా.

“పూడ్చను లే” అంది. కవరు పట్టుకుని వాకిట్లోకి నడిచింది. అనవలసినవన్నీ నా నోట్లో ఉన్నాయి.

పెద్దరోడ్డులో కూల్‌డ్రింకుల అంగడిలో ఐసు తీసుకుని, పాలక్యానులో ఐసూ నీళ్లూ పోసి, అందులో కవరు పెట్టి, ఎవరిదో వ్యాను మాట్లాడుకుని బెంగళూరు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. రెండు గంటలా పది నిమిషాలు. అతికించారు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నారు.

ఇంటికి వచ్చిన రోజు నేను మా అత్తను అడిగాను. ఇరవై మూడేళ్ల కాపురంలో అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు.

“ఈసారి పసుపుతట్ట తేలేదే అత్తా? ఒంట్లోది మట్టికే పోవల్ల గదా?”

“వాడు మొగోడు గదమ్మా. చెయ్యి లేకపోతే పనెట్ల చేసుకుంటాడు?”

నేను గూట్లోంచి కాగితం తీసి అక్కడే గుణించాను. అయిదు ఆవులు, రోజుకు రెండుసార్లు, పది పితుకుళ్లు. ఏడాదికి మూడువేల ఆరువందల యాభై. వేలు తెగేనాటికి ఆమె ఆ ఇంటికి వచ్చి పదకొండేళ్లు. నలభైవేల నూట యాభై. ఆ అంకె పెద్దగా చదివాను. “ఇది పని కాదా అత్తా? ఇదేంది మరి?”

మా అత్త వక్క నోట్లో వేసుకుంది. “ఆ పొద్దు భూమి అడిగింది. ఈ పొద్దు తీసుకోలేకపోయింది. అంతే” అంది.

అడిగింది భూమి కాదు, మూత లేని మిషను అన్నాను. ఆ రోజే నేను పట్టుబట్టి పిలిపించిన వెల్డింగు పనివాడి చేత ఆ మూతను కదలకుండా అతికించేశాను. చొప్ప తగులుకుంటే తగులుకోనీ. ఆపి తీసుకుంటారు.

రెండు నెలలకు కట్టు విప్పాక చూస్తే, వేలు బతికింది గానీ కొయ్యలా ఉండేది. రోజూ వంచకపోతే బిగుసుకుపోతుంది, పొద్దున సాయంత్రం ఏదైనా పట్టి పిసకాలి, రబ్బరు బంతి మేలు అన్నారట బెంగళూరు డాక్టర్లు. మా మరిది బంతిని రెండు రోజులు పిసికి అటక మీద పడేశాడు. మూడోరోజు పొద్దున అయిదున్నరకు తోడికోడలు ఆయన్ను లేపి, చేతికి చెంబు ఇచ్చి, కొట్టంలో ఆవు పక్కన కూర్చోబెట్టింది.

“నేనా? మొగోన్ని పాలు పితకల్లనా?” అన్నాడు.

“డాక్టరు పిసకమన్నాడు గదా. పిసుకు.”

ఎర్రావు అప్పటికి లేదు, దాని దూడ పెద్దదయి ఈనింది. ఆయన చెయ్యి తగలగానే కాలు విసిరింది. చెంబు దొర్లింది. ఆమె ఆవు వీపు మీద తట్టి, ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది. నేను చీపురు ఆపి చూశాను. తన కుడిచెయ్యి చాపి, లేని వేలిని మడిచి చూపిస్తున్నట్టు అరచేతిని ముడిచింది.

“బొటనవేలు లోపలికి మడువు. ఊహూ, అట్ల కాదు. కింది గణుపు దాకా. నాకుండేటప్పుడు నేనట్లనే పితికేదాన్ని.”

ఆయన మడిచాడు.

“ఆఁ. అట్ల. ఇంగ ఒగటి.”